విటమిన్ 'ఎ': 12 శాతమా, 24 శాతమా?

"ఫలానా విటమిన్ ఫలానా వ్యాధిని ఇంత శాతం తగ్గించునని పరిశోధనలు తేల్చినవి" అనే వాక్యం ప్రకటనలలోను, పత్రికలలోను తరచు కనబడుతుంది. ఆ శాతం ఎక్కడ పుట్టినదని విచారించేవారు అరుదు. చాలాసార్లు అది ఒక్క పరిశోధన ఫలితం కాదు. అనేక పరిశోధనలను ఒకచోట చేర్చి కట్టిన సగటు. దీనినే మెటా ఎనాలిసిస్ అంటారు.

ఈ లెక్క ఎంత సున్నితమైనదో తెలియాలంటే విటమిన్ 'ఎ' చరిత్ర చూడాలి. అందులో మన హైదరాబాదుకూ పాలున్నది. ఇండోనేషియాలోని ఆచే ప్రాంతంలో ఆల్ఫ్రెడ్ సోమర్ బృందం ఆరునెలలకొకసారి పెద్ద మోతాదు ఇచ్చిన గ్రామాలలో పసిపిల్లల మరణాలు సుమారు మూడోవంతు తగ్గినట్లు 1986లో ప్రకటించింది. 1990లో వెలువడిన తమిళనాడు ఫలితాలలో, వారం వారం చిన్న మోతాదు పొందిన పిల్లలలో మరణాలు సగానికి పైగా తగ్గాయి. అదే సంవత్సరం హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు, సమీప గ్రామాలలో 15 వేలకు పైగా పిల్లలను పరిశీలించి, మరణాలలో తేడా కనబడలేదని తెలిపారు. తరువాత ఉత్తరప్రదేశ్‌లో సుమారు పది లక్షల మంది పిల్లలతో జరిగిన మహాపరీక్ష 2013లో వెలువడింది. తగ్గుదల 4 శాతం మాత్రమే! మందు నిజంగా పిల్లలందరికీ చేరినదా అని సోమర్ ప్రభృతులు సందేహించారు కూడా.

వీటన్నిటినీ కలిపి 2017లో కాక్రేన్ సంస్థ సమీక్షకులు లెక్క కట్టగా ఒక పద్ధతిలో 12 శాతం, మరొక పద్ధతిలో 24 శాతం వచ్చింది. పరిశోధనలు అవే, సమాధానాలు రెండు.

ఊరంతటా భూగర్భజలం ఒక్కటే అనుకుంటే, పెద్ద బావి నీటి పరీక్షకే ఎక్కువ విలువనిస్తాము. మొదటి పద్ధతి ఇదే. అందువల్ల ఆ పది లక్షల మంది పిల్లల పరీక్ష తక్కిన వాటిని అణచివేస్తుంది. ఏ బావి నీరు ఆ బావిదే అనుకుంటే చిన్న బావులకూ తగిన స్థానమివ్వవలసి వస్తుంది. అది రెండవ పద్ధతి.

నా దృష్టిలో ఈ రెండంకెల కంటె వాటి మధ్యనున్న దూరమే ముఖ్యం. ప్రయోజనం అందరు పిల్లలకూ సమానం కాదని అది చెబుతున్నది. లోపమున్న చోట, తట్టు, విరేచనాలు ప్రబలిన చోట ఆ చుక్కల వలన ప్రాణాలు నిలిచాయి. పాలు, నెయ్యి, ఆకుకూరలు సమృద్ధిగా తినే బిడ్డకు ఆ సగటు వర్తించదు. అయితే కడుపు నిండిన ఇంటి తర్కంతో పేదబిడ్డకు అందే మోతాదును వృథా అనడం అన్యాయం.

మునగాకు, బొప్పాయి, మామిడిపండు వంటి వాటిలోని కెరోటిన్‌ను శరీరం అవసరమైనంత వరకే విటమిన్ 'ఎ'గా మార్చుకుంటుంది. పప్పులో మునగాకు వేసి నూనెపోపు పెట్టే మన అలవాటు మంచిదే, కొవ్వుతోనే అది ఒంటబడుతుంది. కాని మునగాకు పప్పు ఇంత శాతం మరణాలు తగ్గిస్తుందని ఆ ప్రయోగాలు చెప్పలేదు. మన పత్రికలూ చెప్పరాదు.

చుక్కల సంగతి వేరు. ఆ విటమిన్ కాలేయంలో నిలువ ఉంటుంది, మితిమీరితే వాంతులు, తలనొప్పి కలుగుతాయి. అంగన్వాడీలో మోతాదు వేయించిన బిడ్డకు ఇంట్లో మరొక సీసా మొదలుపెట్టే ముందు, ఆ వేయించిన తేదీని వైద్యునికి చెప్పండి.