నిప్పుకు గాలి ఆడాలె

చలి మొదలైంది. సోలాపూర్‌ల మన వాడల్ల తెల్లారకముందే బంబులు రాజుకుంటున్నయి. అందుకే ఈ నెల బంబు ముచ్చట చెప్త. ఇది నా తప్పు ముచ్చట గూడ.

మిల్లుల నేను ముప్పై ఏండ్లు బాయిలర్ ఫైర్‌మన్‌గ చేసిన. నిప్పు పెట్టేముందు డ్యాంపర్ తెరిచి, లోపల నిలిచిన గ్యాసు చిమ్నీ గుండ బయటికి పోయేదాక ఆగేది. వేడి గాలి తేలిక గనుక పైకి పోతది, దాని జాగలకు కింది నుంచి కొత్త గాలి వస్తది. దీన్నే డ్రాఫ్టు అంటరు. కిందికెళ్లి గాలి రాకున్నా, పైన దారి మూసుకున్నా నిప్పు సరిగ్గ కాలదు. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ పుడుతది. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురుల ప్రాణవాయువు జాగను అది ఆక్రమిస్తది.

ఇదంత తెలిసిన మనిషిని, పోయిన చలికాలం ఏం చేసిన? వాకిట్ల రేకులేసి మగ్గం పెట్టినం. జాగ లేక బంబును స్నానాల గదిలకు జరిపిన. కట్టెలైతె పొగ వస్తదని బొగ్గులు పోసిన. నిప్పు ఎక్కువసేపు ఉండాలని నడుమ గొట్టం మీద సగం మూత పెట్టిన. చలిగాలి రావద్దని కిటికీకి గోనెపట్ట కట్టిన. రెండు దినాలు మా ఇంటామె తల నొస్తున్నదన్నది. చలి పట్టిందనుకొని బామ్ రాసినం. మూడో దినం గదిల చెంబు పడ్డ చప్పుడైంది. తలుపు నూకి, ఆమెను వాకిలి దాటించి గాలికి పండవెట్టినం. దవాఖానల ఆక్సిజన్ పెట్టిన్రు. బతికింది.

ఇంటికొచ్చినంక ఒక్కటే మాటన్నది: "మిల్లు బాయిలర్ను దినాం చూసెటోనివి. ఇంట్ల బంబును ఒక్కనాడన్న చూసినవా?" నా దగ్గర జవాబు లేదు. మిల్లు బాయిలర్‌కు 1923 నుంచి చట్టమున్నది, ఇన్‌స్పెక్టర్ ఉన్నడు. ఇంటి బంబుకు మనమే ఇన్‌స్పెక్టర్లం.

అందుకని ఇవి చూడుండ్రి:

బంబు వాకిట్లనే, ఆకాశం కనవడే జాగలనే పెట్టాలె. నీళ్లు కాగినంక బకెట్లు లోపలికి తెచ్చుకోవాలె, బంబును కాదు.

పొగ లేదని బొగ్గును నమ్మొద్దు. ఎర్రగ కణకణలాడే బొగ్గుల నుంచే ఈ గ్యాసు బాగ వస్తది.

దినాం బూడిద తియ్యాలె. నడుమ గొట్టంల మసి గీకాలె. మండేటప్పుడు మూత పెట్టొద్దు.

నిప్పు అంటుకున్నంక కింది సందు దగ్గర అగర్‌బత్తి పట్టి చూడుండ్రి. పొగ లోపలికి గుంజుకుంటె డ్రాఫ్టు మంచిగున్నట్టు. బయటికి మీదికొస్తె దారి ఎక్కడనో మూసుకున్నట్టు.

గ్యాస్ గీజర్ ఉన్నోళ్లకు గూడ ఇదే మాట. గీజర్ గది బయట ఉండాలె, దాని గొట్టం ఇంటి బయటికి పోవాలె. లోపలున్న గీజర్‌కు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి నిశ్చింతగ ఉండొద్దు. కిటికీలు మూసిన చిన్న గదిల ఆ ఫ్యానే చెడు గాలిని గొట్టం నుంచి వెనక్కి గుంజుతది.

తల నొచ్చుడు, తల తిరుగుడు, వాంతికొచ్చినట్టు అనిపిచ్చుడు, బయటికొస్తె తగ్గుడు, ఇంట్ల ఇద్దరు ముగ్గురికి ఒక్కసారే అట్లనే అయ్యుడు గుర్తులు. మనిషిని ముందు బయటి గాలికి తేవాలె, 108కు ఫోన్ చెయ్యాలె. డాక్టరుకు "బంబు గ్యాసు" అని చెప్పాలె. చెప్పకుంటె మామూలు తలనొప్పి అనుకునే అవకాశం ఉన్నది.

సిద్ధేశ్వర జాతరకు చుట్టాలొస్తరు, పొద్దుగాల బంబు మీద బంబు కాగుతది. ఆలోపే ఒక్క ఆదివారం మీ బంబును చూసుకోండ్రి. గోనెపట్ట ఉంటె ఇయ్యాల్నే తీసెయ్యుండ్రి. మేము తీసేసినం.

వచ్చే నెల కలుద్దాం.