మ్యాగజైన్ ముద్దు, ఖజానా చేదా?



మొన్న మా చెల్లెలింటికి దావత్‌కి వెళ్లాను. మేనల్లుడు స్కూల్ మ్యాగజైన్ కోసం నిజాముల గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాడు. ‘ఖజానా’ అని రాసి, కొట్టేసి, ‘ట్రెజరీ’ అని పెట్టాడు. “ఎందుకురా బేటా?” అంటే, “ఉర్దూ మాటలుంటే క్లాసులో నవ్వుతారు మామూ” అన్నాడు. “వాడన్నది సహీయే కదా భాయ్‌జాన్, ఇది ఇంగ్లిష్ జమానా” అంది చెల్లెలు.

నాకు కోపం రాలేదు, అఫ్సోస్ అయ్యింది. వాడు గర్వంగా చెప్పుకునే మ్యాగజైన్, సిగ్గుపడి కొట్టేసిన ఖజానా ఒకే ఖాందాన్ బిడ్డలు!

అరబీలో ‘ఖ-జ-న’ అంటే దాచిపెట్టడం. దాచిన సొత్తు ఖజానా. దాచే చోటు మఖ్జన్, అంటే గోదాం. బహువచనం మఖాజిన్. హజ్రత్ యూసుఫ్ అలైహిస్సలాం దేశపు ‘ఖజాయిన్’ బాధ్యత తనకిమ్మని అడిగిన ఆయత్‌లో (12:55) ఉన్నదీ ఈ మాటే. మధ్యధరా సముద్రపు తిజారత్‌తో అది ఇటలీ, ఫ్రాన్సు మీదుగా ఇంగ్లిష్‌లోకి వెళ్లింది. అక్కడా మొదట గోదామే, తర్వాత బారూద్ కొట్టు. 1857 మే 11న ఢిల్లీలో ఇంగ్లిష్ వాళ్లు తామే పేల్చేసిన మ్యాగజైన్ అలాంటిదే. తుపాకీలో తూటాల పెట్టెకూ ఆ పేరే. 1731లో లండన్‌లో ఎడ్వర్డ్ కేవ్ తన పత్రికకు ‘జెంటిల్మన్స్ మ్యాగజైన్’ అని పేరు పెట్టాడు, రాతల గోదాం అనే మానీతో. 1901లో లాహోర్‌లో షేక్ అబ్దుల్ ఖాదిర్ ఉర్దూ పత్రిక తెస్తూ దానికి ‘మఖ్జన్’ అని పేరు పెట్టారు. ఇక్బాల్ నజ్మ్ ‘హిమాలా’ అచ్చయింది అందులోనే.

ఇంగ్లిష్ అంతా మన భిక్షే అని డబ్బా కొట్టుకోమనడం లేదు. మాటకు మజ్‌హబ్ లేదు, అది ఎవరి నాలుక మీద ఉంటే వారిది. రైతు, వకీలు, జిల్లా, జవాబు అరబీ నుంచి వచ్చినవే. అవి లేకుండా ఏ తెలుగు ఇల్లు గడుస్తుంది? సర్కారే ‘ఖజానా శాఖ’ అని రాసుకుంటుంది. అచ్చ తెలుగు కావాలంటూ ‘బొక్కసం’ రాయమంటే ఇన్సాఫ్ ఉంది. ఖజానా పరాయిది, ట్రెజరీ మనది అంటే ఏం ఇన్సాఫ్?

నవ్వేవాళ్ల సంగతి తర్వాత. ముందు మన ఇళ్లలో బిడ్డల నోటి మాటను మనమే దిద్దడం మానాలి. ఈ రోజు మాటకు సిగ్గుపడినవాడు రేపు దాదీమాకి సిగ్గుపడతాడు.

మేనల్లుడు ట్రెజరీ కొట్టేశాడు. ఎవరైనా నవ్వితే, చేతిలో ఉన్న మ్యాగజైన్ మానీ ఏమిటని అడుగుతాడట.