ముందు చప్పట్లు... తర్వాత శిక్ష

2022 ఆగస్టులో ‘లైగర్’ వచ్చినప్పుడు గోదావరి జిల్లాల్లో కుర్రాళ్లు హీరో గురించి ఎంత మాట్లాడుకున్నారో మైక్ టైసన్ గురించీ అంతే మాట్లాడుకున్నారు. తెలుగు డైరెక్టరు సినిమాలో టైసన్! పోస్టరు మీద ఆ పచ్చబొట్టు మొహం చూసి ఈల వేసినవాళ్లలో 1992 నాటి ఇండియానాపోలిస్ కోర్టు ఎంతమందికి గుర్తుంది? పద్దెనిమిదేళ్ల అమ్మాయి మీద అత్యాచారం చేశాడని ఆ కోర్టు ఆయనకి ఆరేళ్ల శిక్ష వేసింది. మూడేళ్లు లోపలున్నాడు. 1995 మార్చిలో బయటికొచ్చాడు, ఆగస్టుకల్లా మళ్లీ రింగులో ఉన్నాడు. ఇన్నేళ్లకి మన తెరమీద అతిథి. సినిమా ఆడలేదు. అది వేరే సంగతి.

శిక్ష అనుభవించి వచ్చాడు కదా, ఇంకా పాత గోతులు తవ్వడమెందుకు అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం తేలిక కాదు. జైలు తలుపు తీశాక మనిషి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. ఏదో ఒక పని చేసుకు బతకాలి. బాక్సర్‌కి వచ్చింది బాక్సింగే. జైలు నుంచి వచ్చిన వడ్రంగిని మళ్లీ ఉలి పట్టుకోవద్దని ఎవరూ అనరు. మరి ఆటగాడి దగ్గరే ఇంత రభస ఎందుకు?

వడ్రంగి చేసిన తలుపుకి ఎవరూ చప్పట్లు కొట్టరు కాబట్టి. ఆటగాడి కూలిలో సగం చప్పట్లే. అతను మైదానంలోకి తిరిగొస్తే జీతం ఒక్కటే రాదు, గోడమీద బొమ్మ కూడా తిరిగొస్తుంది, పదేళ్ల పిల్లాడి చొక్కా వెనక పేరు కూడా తిరిగొస్తుంది. చిక్కంతా అక్కడుంది.

ఈ చిక్కుతో అందరికన్నా ఎక్కువ తగువులాడింది ఫుట్‌బాల్ లోకమే. ఇంగ్లండులో ఓల్డ్‌హామ్ అనే చిన్న క్లబ్బు ఉంది. లీ హ్యూస్ అనే ఆటగాడు 2003లో కారు అడ్డదిడ్డంగా నడిపి ఒక మనిషి చావుకి కారణమయ్యాడు. ప్రమాదం జరగ్గానే అక్కణ్నుంచి పారిపోయాడు. ఆరేళ్ల శిక్ష పడింది, సగం అనుభవించాడు. 2007లో బయటికి రాగానే ఓల్డ్‌హామ్ ఆయన్ని తీసుకుంది. విమర్శలొచ్చాయి, అతను గోల్సు కొట్టాడు, విమర్శలు చల్లారాయి. అదే ఓల్డ్‌హామ్ 2015 జనవరిలో చెడ్ ఎవాన్స్‌ని తీసుకోవాలనుకుంది. అత్యాచారం కేసులో అయిదేళ్ల శిక్ష పడి, సగం అనుభవించి వచ్చినవాడు. ఈసారి స్పాన్సర్లు బెదిరారు, క్లబ్బు సిబ్బందికి బెదిరింపులొచ్చాయి, ఒప్పందం ఆగిపోయింది. తర్వాత జరిగింది ఎవరూ ఊహించనిది. 2016 ఏప్రిల్లో అప్పీలు కోర్టు ఆ తీర్పుని రద్దు చేసింది. అక్టోబరులో మళ్లీ విచారణ జరిపి నిర్దోషి అని తేల్చారు. అంటే జనం రెండో అవకాశం ఇవ్వాలా వద్దా అని కొట్టుకున్నది చివరికి చట్టం దోషి కాదన్న మనిషి గురించి! ఎవరిమీదా కోర్టుకన్నా ముందు, కోర్టుకన్నా గట్టిగా తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఈ ఒక్కటి చాలు.

అలాగని ప్రతి క్లబ్బూ దయగల తల్లి ఏమీ కాదు. బ్రెజిల్ గోల్‌కీపర్ బ్రూనో కథ చూడండి. తన బిడ్డకి తల్లి అయిన ఎలిజా సముడియోని 2010లో చంపించిన కేసులో 2013లో ఆయనకి 22 ఏళ్ల శిక్ష పడింది. ఆమె శవం కూడా దొరకలేదు. 2017 ఫిబ్రవరిలో, అప్పీలు తేలకుండానే, ఒక న్యాయమూర్తి ఆయన్ని వదిలారు. వారాలు తిరక్కుండా బోవా ఎస్పోర్టే అనే క్లబ్బు ఒప్పందం రాసేసింది. స్పాన్సర్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఏప్రిల్లో సుప్రీంకోర్టు మళ్లీ లోపలికి పంపింది. ఇక్కడ రెండో అవకాశం అనే మాటే తప్పు. మొదటి లెక్క తేలలేదు, రెండో ఖాతా ఎలా తెరుస్తారు?

హ్యూస్‌కీ బ్రూనోకీ తేడా నేరం పెద్దదా చిన్నదా అన్నది ఒక్కటే కాదు. వరస. హ్యూస్‌కి ముందు శిక్ష, తర్వాత ఆట. బ్రూనో శిక్ష మధ్యలోనే ఆట మొదలుపెట్టాడు. ఈ వరస తిరగబడితే ఎలా ఉంటుందో చూడాలంటే బ్రెజిల్ దాకా పోనక్కర్లేదు. పటియాలా చాలు.

1988 డిసెంబరు 27. పటియాలాలో రోడ్డుమీద కారు తగాదా. 65 ఏళ్ల గుర్నాం సింగ్ దెబ్బ తిని చనిపోయాడు. దెబ్బ కొట్టాడన్న కేసు నవజోత్ సింగ్ సిద్ధూ మీద. అప్పటికే ఆయన టెస్టు క్రికెటర్. నాలుగు నెలలు గడిచేసరికి ఆయన జమైకాలో వెస్టిండీస్ మీద సెంచరీ కొట్టాడు. ఆ తర్వాత పదేళ్లు ఆడాడు. ఆట మానేశాక కామెంటరీ, పార్లమెంటు, కామెడీ షోలు. భీమవరం, తణుకుల్లో హిందీ ఒక్క ముక్క రానివాళ్లు కూడా ఆయన నవ్వుకి నవ్వారు.

కేసు మాత్రం దాని నడక అది నడిచింది. 1999లో కింది కోర్టు కొట్టేసింది. 2006లో హైకోర్టు దోషి అంది, మూడేళ్ల శిక్ష వేసింది. ఎంపీ పదవికి రాజీనామా చేశాడు. 2007లో సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలు ఆపింది, ఆయన ఉపఎన్నికలో మళ్లీ గెలిచాడు. 2018లో సుప్రీంకోర్టు గాయపరిచిన నేరం మాత్రమే రుజువైందని వెయ్యి రూపాయల జరిమానాతో సరిపెట్టింది. అక్షరాలా వెయ్యి! గుర్నాం సింగ్ కుటుంబం వదల్లేదు, మళ్లీ చూడమని అడిగింది. 2022 మే 19న ఏడాది కఠిన శిక్ష పడింది. 2023 ఏప్రిల్ 1న బయటికొచ్చాడు. నేరానికీ శిక్షకీ మధ్య ముప్ఫైమూడేళ్లు. ఆ ముప్ఫైమూడేళ్లూ చప్పట్లే.

సిద్ధూ మారాడా లేదా, లోపల ఎంత కుమిలాడు అన్నది ఎవరూ చెప్పలేరు. ఆటగాడి వయసు చిన్నది, మధ్యలో ఏడాది పోతే జీవితమంతా పోయినట్టే అని వాదించేవాళ్లున్నారు. అందులో నిజం ఉంది. కానీ అదే వాదన పక్కింటి వెల్డరుకి ఎవరూ చెప్పరు. ఇరవై రెండేళ్లకి లోపలికి పోయి ముప్ఫైకి బయటికొచ్చినవాడికి కూడా పోయినవి చేతిలో పని ఉన్న ఏళ్లే.

కుస్తీలో రెండు ఒలింపిక్ పతకాలు తెచ్చిన సుశీల్ కుమార్ కేసు ఇంకా విచారణలోనే ఉంది కాబట్టి దోషి అనడానికి లేదు. 2021 మేలో ఢిల్లీ ఛత్రసాల్ స్టేడియంలో సాగర్ ధన్‌ఖడ్ అనే యువ కుస్తీవీరుడు దెబ్బలు తిని చనిపోయిన కేసది. 2025 మార్చిలో హైకోర్టు బెయిలిచ్చింది, రైల్వే ఉద్యోగంలో మళ్లీ చేరాడు. ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ బెయిలు రద్దు చేసింది. రద్దు చేయమని వెళ్లింది చనిపోయిన కుర్రాడి తండ్రి. పటియాలాలో ఒక కుటుంబం, ఢిల్లీలో ఒక తండ్రి. పేరున్నవాడి కేసులో లెక్క మూసెయ్యకుండా పట్టుకునేది ఎప్పుడూ ఇంటివాళ్లే.

మన రాష్ట్రంలోనూ అంతే. 2005లో నాటి గవర్నర్ సుశీల్ కుమార్ షిండే కర్నూలు జిల్లా కాంగ్రెస్ నాయకుడు గౌరు వెంకటరెడ్డికి మిగిలిన శిక్ష మాఫీ చేశారు. హత్య కేసులో పదేళ్ల శిక్ష అది. హతుల కొడుకులు సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2006 అక్టోబరు 11న జస్టిస్ అరిజిత్ పసాయత్, జస్టిస్ కపాడియా ఆ మాఫీని కొట్టేశారు. గవర్నర్ ముందు పెట్టిన కాగితాల్లో ఈయన మంచి కాంగ్రెస్ కార్యకర్త అని రాసి ఉంది! మనిషి మారాడా అని చూడాల్సిన చోట జెండా రంగు చూశారన్నమాట. మైదానంలో స్కోరు చూసినట్టు. ఇవాళ్టికీ క్షమాభిక్ష కేసు ఏది వచ్చినా లాయర్లు ఈ ఏపూరు సుధాకర్ తీర్పు తెరవాల్సిందే.

ఇక పేరు లేనివాళ్ల సంగతి. రాజమండ్రి సెంట్రల్ జైలు ఒకప్పటి డచ్చివాళ్ల కోట. 1864లో జైలయింది, 1870లో సెంట్రల్ జైలు. చిలకలూరిపేట దగ్గర 1993 మార్చి 8న బస్సు దోపిడీకి దిగి నిప్పుపెట్టిన కేసులో ఇద్దరు యువకులకి ఉరిశిక్ష పడింది. 23 మంది సజీవంగా కాలిపోయిన ఘోరమది. 1997 మార్చిలో ఆ ఇద్దరినీ ఈ జైల్లోనే ఉరి తియ్యాల్సింది. చివరి ఘడియల్లో సుప్రీంకోర్టు ఆపింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. అది రెండో అవకాశం కాదు, ప్రాణం మిగలడం. దానికే అంత దూరం పోవాల్సి వచ్చింది.

హత్య దాకా పోని మామూలు కొట్లాటలు తీసుకోండి. కోనసీమలో సంక్రాంతికి కబడ్డీ పోటీలు పెట్టే ఊళ్లు బోలెడు. కూత బాగా పెట్టే కుర్రాడొకడు తీర్థంలో తాగి ఒకడి తల పగలగొట్టాడనుకుందాం. కేసవుతుంది. రెండోసారి ఇంకెక్కడైనా పేరు వినబడితే స్టేషన్లో రౌడీషీట్ తెరుస్తారు. ఆదివారం వస్తే స్టేషనుకెళ్లి వరసలో నిలబడాలి, ఎన్నికలొస్తే బైండోవర్. కోర్టు కొట్టేసినా షీటు ఓ పట్టాన పోదు. స్పోర్ట్స్ కోటాలో పోలీసుకో రైల్వేకో ఎంపికైతే ధ్రువీకరణ ఫారంలో కేసు సంగతి రాయాలి. రాస్తే భయం, రాయకపోతే ఇంకా భయం. కుర్రతనంలో జరిగిన చిన్న కేసుల్ని అధికారులు ఉదారంగా చూడొచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది నిజమే. కానీ ఆ తీర్పు కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక, లాయరుకిచ్చే డబ్బు ఆ కుర్రాడి దగ్గర ఉండాలి కదా.

పోనీ గల్ఫ్‌కి పోదామంటే పాస్‌పోర్టు. ఈ జిల్లాల్లో కువైట్ అన్నా దుబాయ్ అన్నా చాలా ఇళ్లకి రెండో అవకాశానికి మరో పేరే. కేసు నడుస్తుంటే కోర్టు అనుమతి లేకుండా పాస్‌పోర్టు రాదు. రెండేళ్లకి తగ్గని శిక్ష పడితే అయిదేళ్ల పాటు కాదనొచ్చని చట్టంలోనే ఉంది. సిద్ధూకి జమైకా వెళ్లడానికి నాలుగు నెలలు పట్టింది.

ఇక్కడ కూడా గుంపుకి ఒక దారి, ఒంటరివాడికి ఒక దారి. జిల్లా పేరులో అంబేడ్కర్ పేరు చేర్చడం మీద 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. కుర్రాళ్ల మీద కేసులు పడ్డాయి. 2023 మార్చిలో అప్పటి ప్రభుత్వం ఇరువర్గాల పెద్దలతో మాట్లాడి ఆ కేసులు ఎత్తేయాలని నిర్ణయించింది. ఊళ్లో సామరస్యం కోసం అన్నారు. కుర్రాళ్ల భవిష్యత్తు పాడవకూడదన్నది మంచి మాటే. తీర్థంలో తల పగలగొట్టినవాడి వెనక మాత్రం సామరస్యం కోరే పెద్దలెవరూ ఉండరు. వాడి ఒక్కడి కేసు వాడే మోసుకోవాలి.

ఫుట్‌బాలర్‌కి, క్రికెటర్‌కి మళ్లీ ఆడే హక్కు ఉండాలా? ఉండాలి. శిక్ష పూర్తి చేసుకుని వచ్చినవాడిని క్లబ్బు తీసుకుంటే తప్పేం లేదు. కాకపోతే తీసుకునేముందు దెబ్బ తిన్నవాళ్ల ఇంటికి ఎవరైనా ఒకసారి వెళ్లొచ్చారా అన్నది కూడా కాంట్రాక్టులో ఒక గడిగా ఉండాలి. స్పాన్సరు పోతాడన్న భయంతో ఎవాన్స్‌ని వద్దన్నవాళ్లకీ, గోల్సు ఆపుతాడన్న ఆశతో బ్రూనోని రమ్మన్నవాళ్లకీ ఆ గడి గుర్తుకు రాలేదు.

2024 మార్చిలో ఐపీఎల్ మొదలైనప్పుడు సిద్ధూ మళ్లీ కామెంటరీకి వచ్చాడు. శిక్ష ముగిసి ఏడాది కూడా నిండలేదు. అదే నవ్వు, అవే మాటలు. డెల్టాలో టీ బడ్డీల దగ్గర ఫోన్లలో మ్యాచ్ చూస్తున్న కుర్రాళ్లలో, ఆ ఆదివారం పొద్దున స్టేషనుకెళ్లి సంతకం పెట్టొచ్చినవాళ్లు కూడా ఉండే ఉంటారు.