రోగి పక్షమున పలుకువారెవరు?

వైద్యశాలలో శస్త్రచికిత్సకు ముందు ఒక కాగితము తెచ్చి చేవ్రాలు చేయుడని యడుగుదురు. చేవ్రాలు ఎవరిదై యుండవలెను? మన యిండ్లలో నీ ప్రశ్నకు ఆలోచన లేకుండగనే ప్రత్యుత్తరము వచ్చును. భార్యకైనచో భర్త, తల్లికైనచో పెద్దకుమారుడు, అవివాహితకైనచో తండ్రి. మంచముపై నున్న మనిషి నడుగవలెనని పెక్కుమందికి తోచదు. ఈ నెల సోదరీమణులతో ఈ విషయమునే ముచ్చటింప దలచితిమి.

మా యెఱుకలోని యొక గృహమున డెబ్బదియేండ్లు దాటిన యొక పెద్దమ్మగారు కాలుజారి పడగా తుంటియెముక విఱిగెను. ఆమెకు చెవి మందము, మాట నిదానము. బుద్ధి మాత్రము చుఱుకు. పాలవానికి, చాకలికి నెలకెంత బాకీయో కాగితము లేకుండ చెప్పగలరు. వైద్యుడు వచ్చి ఆమె తలాపుననే నిలిచి, కుమారునితో సర్వమును మాటలాడి వెడలిపోయెను. పిమ్మట నామె కోడలిని పిలిచి, "నా కాలి సంగతి నాకు తప్ప అందఱికీ చెప్పినాడు గదమ్మా!" అనిరి. ఆ మాట మేము మఱువలేకున్నాము.

చెవుడు అజ్ఞానము కాదు, ముసలితనమును కాదు. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మనోవ్యాధిగ్రస్తుల విషయమున సైతము, చెప్పినది గ్రహించి, తన యిష్టమును మాటతో గాని సైగతో గాని తెలుపగల వారు తమ చికిత్సను తామే నిర్ణయించుకొనగల వారని చెప్పుచున్నది. వారి నిర్ణయము ఇతరులకు తప్పుగా తోచినంత మాత్రమున వారికి నిర్ణయశక్తి లేదనరాదని కూడ అందే కలదు. మనోవ్యాధిగ్రస్తుల కున్న మన్నన తుంటి విఱిగిన తల్లికి లేకపోవుట వింత కాదా?

1995వ సంవత్సరమున ఢిల్లీలో 44 ఏండ్ల అవివాహిత యొకతె దీర్ఘకాల రక్తస్రావముతో బాధపడుచు స్త్రీవైద్యుల నాశ్రయించెను. ఉదరములోనికి గొట్టము పంపి పరీక్షించుటకై ఆమెకు మత్తిచ్చిరి. ఆమె మత్తులో నుండగనే సహాయక వైద్యురాలు వెలుపలికి వచ్చి, అచట కూర్చున్న తల్లిచేత గర్భాశయము తొలగించుటకు సమ్మతి పొందెను. గర్భాశయమును, అండాశయములును తీసివేయబడెను. తల్లి బిడ్డ మేలు కోరియే యొప్పుకొనియుండును. అయినను 2008లో సుప్రీంకోర్టు ఆ సమ్మతి చెల్లదని తీర్పు చెప్పినది. రోగి వయస్సు వచ్చిన స్త్రీ. తాత్కాలికముగా మత్తులో నున్నది. ప్రాణాపాయము తరుముకొని రాలేదు. కావున మేలుకొనువఱకు ఆగి ఆమెనే అడిగియుండవలసినది. పరిహారముగా 25,000 రూపాయలు ఇప్పించి, వైద్యురాలి రుసుమును కూడ త్రోసిపుచ్చిరి. పోయినదానికి ఆ సొమ్ము ఏ మూలకు?

ఇక రోగి నిజముగనే చెప్పలేని స్థితిలో నున్నచో నేమి చేయవలెను? ఎవరో యొకరు పలుకక తప్పదు. స్మృతి తప్పి చిరకాలము పడియున్నవారికి సంరక్షకుని నియమించు ప్రత్యేకచట్టము లేదని గుర్తించి, 2019లో కేరళ హైకోర్టు తానే కొన్ని నియమములు ఏర్పఱచినది. కాని న్యాయస్థానము కన్న ముందు ఇంటివారే యెంచుకొందురు గదా! ఆ యెంపికలో మనము పొరబడుచున్నామని మా యభిప్రాయము. ఖర్చు పెట్టువాడు, గట్టిగా మాటలాడువాడు, ఎక్కువగా నేడ్చువాడు - వీరిలో నెవరో యొకరు ముందు నిలుతురు. "నేనైతే ఏమి చేయుదును?" అని వారు తలంతురు. అడుగవలసిన ప్రశ్న అది కాదు. "ఈమె నోరు తెఱవగలిగినచో నేమనును?" అనునదే ప్రశ్న. పైని చెప్పిన చట్టము తాను ప్రతినిధి యని పిలుచువానిని, రోగి పూర్వపు కోరికలను, జీవితమును, నమ్మకములను గమనించి నడచుకొనుమని నిర్దేశించుచున్నది.

ఆ సంగతులెవరికి తెలియును? తఱచుగా, పెండ్లిచేసి పంపిన కుమార్తెకు. "అది పరాయి యింటి పిల్ల, దాని నడుగుటేమి?" అందురు. తల్లి రహస్యములన్నియు విన్నది అదియే! ఇల్లో పొలమో తనకు రావలసినవాడు ప్రేమగలవాడే కావచ్చును. అయినను వాని యొక్కని మాటపైననే తల్లి చికిత్స ఆపుట మాకు సమ్మతము కాదు. రెండవ మనిషి వినుచుండవలెను.

దిక్కులేనివారి గతి మఱింత కఠినము. 2009లో చండీగఢులోని యొక సంరక్షణాలయమున బుద్ధిమాంద్యము గల అనాథయువతి అత్యాచారమునకు గుఱియై గర్భవతి కాగా, గర్భము తొలగింపవలెనని అధికారులు కోరిరి, హైకోర్టు అనుమతించెను. ఆమె మాత్రము బిడ్డ కావలెననెను. సుప్రీంకోర్టు ఆమె సమ్మతి లేనిదే కూడదని ఆపివేసినది. ఆమె మేలు తలచినవారు పలువురు; ఆమె మాటను విలువగట్టినవారు కొందఱే.

ఆరోగ్యముగా నున్నపుడే ప్రతినిధిని పేర్కొను మార్గములున్నవి. మానసిక చికిత్సకైనచో తెల్లకాగితముపై వ్రాసి చేవ్రాలో, వ్రేలిముద్రయో వేసిన చాలును. మనసు మాఱినచో మార్చుకొనవచ్చును. ఇక నయము కాదని తేలినపుడు ప్రాణాధార చికిత్స ఆపుట గుఱించి ముందుగా వ్రాసియుంచు పత్రమును 2018లో సుప్రీంకోర్టు అంగీకరించినది. మొదట దానికి మేజిస్ట్రేటు చేవ్రాలు కావలసియుండెను. 2023లో దానిని సడలించి, ఇద్దఱు సాక్షులును, నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని చాలుననిరి. తన పక్షమున మాటలాడువారి పేర్లు ఒకటి కన్న నెక్కువ వ్రాయవచ్చును.

పెద్దమ్మగారు కోలుకొని, సంక్రాంతికి బిడ్డలందఱు కూడినపుడు వారి యెదుటనే చెప్పిరి: "నాకు తెలివి తప్పితే మీరు చిన్నదాన్ని అడగండి. డాక్టరు ఏమన్నాడో పెద్దవాడికి కూడా చెప్పండి." పెద్దకుమారుడు రెండు దినములు ముఖము ముడుచుకొని తిరిగెను. మూడవ దినమున తల్లి మందుచీట్ల సంచి తీసి, లోపలి అట్టపై చెల్లెలి టెలిఫోను సంఖ్యను పెద్ద అక్షరములతో తానే వ్రాసి పెట్టెను.