ఊత్తుకోట బడికి కౌన్సెలర్ ఎక్కడి నుంచి వస్తారు?

నూరుగురు, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించుకోవాలని 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఆదేశించింది. నీట్ శిక్షణ కోసం విశాఖపట్నం వచ్చి 2023లో ప్రాణం కోల్పోయిన పదిహేడేళ్ల అమ్మాయి తండ్రి చేసిన న్యాయపోరాటంలో వెలువడిన తీర్పు ఇది. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ఇచ్చిన పదిహేను మార్గదర్శకాలు, తగిన చట్టం వచ్చేదాకా దేశమంతటికీ శిరోధార్యమే. తమిళనాడు తిరువళ్ళూరు జిల్లాలోని ఊత్తుకోట హైస్కూళ్లకూ, తిరుత్తణి హాస్టళ్లకూ మినహాయింపు లేదు.

మరి ఆ కౌన్సెలర్లు ఎక్కడున్నారు?

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. అదే ఏడాది అన్ని వయసులవారినీ కలిపి తమిళనాడులో 19,834 మంది. మహారాష్ట్ర తరువాత స్థానం తమిళనాడుదే. ఆ ఏడాది జూలైలో కళ్ళకురిచిలో ఒక బడి విద్యార్థిని మరణం రాష్ట్రాన్ని కుదిపేసిన రెండు వారాల్లోపే తిరువళ్ళూరు జిల్లాలో ఒక బడి హాస్టల్లో ప్లస్ టూ అమ్మాయి చనిపోయింది. అంటే ఈ కష్టం మన గడప దాకా వచ్చి చాలా కాలమైంది.

ఇప్పుడు అసలు భయం వేరే ఉంది. కోర్టు అడిగింది కాబట్టి ఎవరో ఒక టీచరుకు మూడు రోజుల శిక్షణ ఇప్పించి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి, రికార్డుల్లో కౌన్సెలర్‌గా రాసేస్తారేమోనని. ఇది ఒప్పుకోదగ్గ పని కాదు. పొద్దున లెక్కల్లో మార్కులు తగ్గాయని నిలబెట్టి అడిగిన మాస్టారి దగ్గరకే, మధ్యాహ్నం వెళ్లి రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని ఏ పిల్లవాడు చెప్పుకుంటాడు? టీచర్ల మంచితనాన్ని ఇక్కడ ఎవరూ శంకించడం లేదు. బిహార్‌లోని నలందా జిల్లా హైస్కూళ్లలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో ఉపాధ్యాయులకు అప్పగించారు, కొన్నింటిలో ఆ పనికే నియమించి శిక్షణ ఇచ్చిన స్థానిక కౌన్సెలర్లకు అప్పగించారు. కౌన్సెలర్లున్న బడుల్లో పిల్లల కుంగుబాటు, వేధింపులు, కొట్లాటలు తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపిన చోట చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అదనపు బాధ్యతగా అంటగడితే ఏమవుతుందో ఇంతకన్నా స్పష్టంగా తెలియాల్సింది లేదు.

ఇక ఆ వృత్తిలోకి వెళ్లే దారి చూద్దాం. క్లినికల్ సైకాలజిస్టుకు 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంది. కౌన్సెలర్‌కు అలాంటి గట్టి గుర్తింపు లేదు. సైకాలజీలోనో సోషల్ వర్క్‌లోనో రెండేళ్ల పీజీ చేసినవాళ్లూ, వారాంతంలో ఆన్‌లైన్ కోర్సు ముగించినవాళ్లూ ఒకే బోర్డు తగిలించుకోవచ్చు. 2021లో పార్లమెంటు తెచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ప్రవర్తనా ఆరోగ్య నిపుణుల జాబితాలో సైకాలజిస్టులకూ కౌన్సెలర్లకూ చోటిచ్చింది. కానీ ఆ చట్టాన్ని అమలు చేయండని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టే రెండు నెలల గడువు పెట్టి రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. తల్లిదండ్రులు పేరు వెతికి చూసుకోగల రిజిస్టరు లేనంతకాలం మంచి కౌన్సెలరెవరో, బోర్డు కట్టినవారెవరో వాళ్లకు ఎలా తెలుస్తుంది?

చదువుకునే చోట్లు లేవని కాదు. ఎన్‌సీఈఆర్‌టీ ఏళ్లుగా నడుపుతున్న గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా ఉంది. ఆరు నెలలు దూరవిద్య, మూడు నెలలు ముఖాముఖి తరగతులు, మరో మూడు నెలలు సొంత ఊళ్లో ఇంటర్న్‌షిప్. దక్షిణాదికి దాని కేంద్రం మైసూరు. మద్రాసు విశ్వవిద్యాలయంలో కౌన్సెలింగ్ సైకాలజీ ఉంది. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం సైకాలజీ విభాగం ఉంది. వేలూరులో క్రిస్టియన్ కౌన్సెలింగ్ సెంటర్ దశాబ్దాలుగా శిక్షణ ఇస్తోంది. చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో స్థాపించిన స్నేహ, వాలంటీర్లకు వినడం నేర్పి, ఆత్మహత్య ఆలోచనలతో నలిగేవారికి తోడు నిలుస్తోంది.

ఈ విద్య పుస్తకంతో రాదు. శిక్షణ గదిలో ముగ్గురేసి కూర్చుంటారు. ఒకరు కష్టం చెప్పుకునేవారు, ఒకరు కౌన్సెలర్, మూడోవారు చూసేవారు. పది నిమిషాలయ్యాక మూడోవారు నోరు విప్పుతారు: "ఆ అబ్బాయి వాళ్ల నాన్న సంగతి ఎత్తగానే నువ్వు మాట మార్చేశావు." అంతవరకూ ఆ సంగతి కౌన్సెలర్‌కే తెలియదు. తరువాత అసలు కేసులు మొదలవుతాయి. ప్రతి వారం అనుభవజ్ఞుడైన పర్యవేక్షకుడి ముందు వాటిని పెట్టి, ఎక్కడ తొందరపడ్డారో, ఎక్కడ నీతులు చెప్పారో, ఏ పిల్లను ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరకు పంపాల్సిందో నేర్చుకోవాలి. ఈ వారం వారం పర్యవేక్షణ లేని డిగ్రీ ఎంత పెద్దదైనా బడికి పనికిరాదు.

అందుకే సైకాలజీ సహా 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోని కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపరాదని 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి యూజీసీ తీసుకున్న నిర్ణయాన్ని తప్పు పట్టలేం. అయితే ఆ నిర్ణయం ఎవరి దారి మూసిందో కూడా చూడాలి. పెళ్లయి, పిల్లల్ని బడికి పంపాక పుస్తకం తెరిచే ఊత్తుకోట ఆడపడుచుకూ, పగలు ఫ్యాక్టరీ పనికి వెళ్లే గుమ్మిడిపూండి యువకుడికీ ఇగ్నో లాంటి సంస్థలే దిక్కుగా ఉండేవి. ఒక తలుపు మూసినప్పుడు దగ్గర్లో ఇంకొకటి తెరవడం ప్రభుత్వం బాధ్యత. రోజూ చెన్నైకి వెళ్లి వచ్చే స్తోమత అందరికీ ఉండదు.

ఈ ప్రాంతానికి ఇంకో ప్రత్యేక అవసరం ఉంది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మార్చినప్పుడు తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి, సత్యవేడు ఆంధ్రకు వెళ్లాయి. గీత మారింది గానీ ఇళ్లలో మాట మారలేదు. ఊత్తుకోట, పళ్ళిపట్టు, ఆర్.కె.పేట వైపు వేల ఇళ్లలో నేటికీ తెలుగే. 2006 నాటి చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయింది. ఇక్కడి పిల్లవాడు పరీక్షలో తమిళం రాయగలడు, స్నేహితులతో తమిళంలో ఆడుకోగలడు. దుఃఖం మాత్రం అమ్మతో మాట్లాడే తెలుగులోనే పైకి వస్తుంది. అదీ సూటిగా రాదు. "కడుపు నొస్తా ఉంది, ఈ పొద్దు బడికి పోను" అంటాడు. తెలుగు రాని కౌన్సెలర్‌కు ఆ తల్లితో మాట్లాడటమే కష్టం. తమిళ బడి వాతావరణం తెలియని కౌన్సెలర్‌కు ఆ పిల్లవాడి రోజు ఎలా గడుస్తుందో అర్థం కాదు. రెండు భాషలూ పుట్టుకతో వచ్చిన ఇక్కడి యువతకే ఈ పని బాగా చేతనవుతుంది. నియామకాల్లో తెలుగు, తమిళం రెండూ వచ్చినవారికి ప్రాధాన్యం ఇవ్వాలి.

చేయవలసింది స్పష్టం. తిరుత్తణి శ్రీ సుబ్రహ్మణ్యస్వామి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో, పొన్నేరి లోకనాథ నారాయణస్వామి ప్రభుత్వ కళాశాలలో సాయంత్రపు, వారాంతపు తరగతులతో కౌన్సెలింగ్ సైకాలజీ పీజీ నడపాలి. 2022 జనవరిలో ప్రారంభమైన తిరువళ్ళూరు ప్రభుత్వ వైద్య కళాశాల మానసిక వైద్య విభాగానికి పర్యవేక్షణ అప్పగించాలి. చదువుకు ఉపకార వేతనం, చదివాక ఈ జిల్లా బడుల్లో నిర్ణీత కాలం పనిచేయాలన్న షరతు రెండూ ఉండాలి. ఏడాదికోసారి రెన్యువల్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే కాంట్రాక్టు కౌన్సెలర్ పిల్లలకు ధైర్యం చెప్పలేరు. టీచర్లతో సమానమైన స్కేలు, బడి కౌన్సెలర్ నుంచి పర్యవేక్షకుడిగా, జిల్లా స్థాయి అధికారిగా ఎదిగే మెట్లు ఉంటేనే తెలివైన పిల్లలు ఈ వృత్తి వైపు చూస్తారు. డబ్బు లేదంటారా? మొదట నాలుగైదు బడులకు ఒకరినైనా పూర్తికాలం నియమించి, ఏటా సంఖ్య పెంచుకుంటూ పోవచ్చు.

తమిళనాడు ప్రభుత్వం వచ్చే విద్యా సంవత్సరానికే ఈ సీట్లు ప్రకటించాలి. తిరువళ్ళూరు జిల్లా ఎమ్మెల్యేలు పార్టీలకు అతీతంగా శాసనసభలో అడగాలి. ఈలోగా ప్రధానోపాధ్యాయులు చేయగలిగింది ఒకటుంది. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడతారు. హెల్ప్‌లైన్ నంబర్లను తరగతి గదుల్లో, హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో కనబడేలా పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది. దానికి బడ్జెట్ అక్కర్లేదు, ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కర్లేదు. రేపు ఉదయం ప్రార్థన గంట కొట్టేలోపే రెండు భాషల్లో రాసి అంటించండి.