వాట్లు కాదు, గొంతు వినాలి

హైదరాబాదు పాతబస్తీకి రేడియో పాట కొత్త కాదు. 1935 నాటికే నిజాం ప్రభుత్వ దక్కన్ రేడియో ఉంది. ఛత్తాబజారులోని మహబూబ్ రేడియో సర్వీసు పాత వాల్వు రేడియోలను మళ్లీ పలికించడంలో పేరు పొందింది. ఆ చెక్కపెట్టెల గొంతుకు అలవాటుపడ్డ ఇళ్లలోకి ఇప్పుడు అరలో పట్టే జంట స్పీకర్లు చేరుతున్నాయి.

వీటిలో ఖవ్వాలి పెడితే చప్పట్లు, హార్మోనియం, పాటలోని ప్రతి అక్షరం విడివిడిగా వినిపిస్తాయి. తబలాలో బాయా మోత మాత్రం పలచబడుతుంది. అయిదంగుళాల స్పీకరు నుంచి అంతకు మించి కోరడం అత్యాశే. లోటు తీరుతుందని గోడ మూలకు నెడితే మోత పెరుగుతుంది గాని, గాయకుడి గొంతు మసకబారుతుంది. గోడకు కాస్త ఎడంగా, కూర్చున్నవారి చెవి ఎత్తున ఉంచితే మేలు. ఒకదానికి ఎరుపు, నలుపు తీగలు తారుమారైనా మోత సన్నగిల్లుతుంది. పాపం, తిట్లు స్పీకరుకు!

పంట డబ్బుతో కోఠి గుజరాతీగల్లీకి వచ్చే రైతు అట్టపెట్టె మీది వేల వాట్లు చూసి మురిసిపోరాదు. పీఎంపీఓ అనే ఆ అంకె క్షణకాలపు లెక్క. ఆర్ఎంఎస్ ఎంతో అడగాలి. దుకాణంలో పెట్టే డప్పుల పాట కాక, తనకు కంఠతా వచ్చిన ఘంటసాల పాట పెట్టించుకోవాలి. ఆ గొంతు తానెరిగినట్టే ఉంటే అప్పుడు బేరం మొదలుపెట్టవచ్చు.