మా లంద కంపు, మీ లెదర్ సువాసన

గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకొని, కళ్లు మూసుకొని, గట్టిగా ఊపిరి పీల్చి ఆయన అన్నాడు: "లెదర్! పక్కా లెదర్! వెనకాల కొంచెం పశువుల కొట్టం." చుట్టూ కూర్చున్న ఇరవై మంది తలలూపారు. ఒకావిడ మురిసిపోయింది. నేనూ వాసన చూశాను. నిజమే, తోలు వాసనే. పచ్చితోలు కాదు. లందలో నాని, బయటికొచ్చి, నీడన సగం ఆరిన తోలు. ఆ వాసన నాకెవరూ నేర్పక్కర్లేదు. నేను అందులోనే పుట్టాను.

నేను మాదిగోణ్ణి. జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే పంతుల్ని. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. పైసలు కట్టి బీరు వాసన చూసే కొలువులో నాకేం పని? సాంఘిక సంక్షేమ హాస్టల్లో నా ట్రంకుపెట్టె పక్కన ట్రంకుపెట్టె పెట్టుకున్న దోస్తు ఒకడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. "అన్నా, పోరగాండ్లకు ఈస్ట్ పాఠం చెప్తవ్ గదా, అడవి ఈస్ట్ ఎట్లుంటదో సూద్దువు రా" అని తీసుకుపోయాడు. అదొక చిన్న మైక్రోబ్రూవరీ. బెల్జియం పద్ధతిలో పుల్ల బీర్లు చేస్తుంది. చెక్కపలక మీద ఐదు చిన్న గ్లాసులు వరసగా పెట్టారు. ఒక్కోదాంట్లో నాలుగు గుక్కలు.

మొదటిది పులిసిన మజ్జిగ తేట లెక్క ఉంది. రెండోది చెర్రీ పండ్లు వేసి నానబెట్టింది, ఎర్రగా, పచ్చి రేగుపండు కొరికినంత వగరు. మూడోదాన్ని సెజోన్ అన్నారు. బెల్జియం దక్షిణాన వలోనియా పొలాల్లో కూలీలకు పోసిన బీరట. కూలోళ్ల తాగుడు కూడా పెద్దోళ్ల పలక మీదికెక్కిందన్నమాట. నాలుగోది చెక్క పీపాలో ఏడాదికి పైగా మాగింది. తోలు బయటపడింది దాంట్లోనే.

ముందు న్యాయంగా మాట్లాడాలె. ఆ బీరు గొప్పదే. దాని వెనక పని ఇంకా గొప్పది. బ్రస్సెల్స్ చుట్టుపక్కల, సెన్ నది లోయలో లాంబిక్ అనే బీరు చేస్తారు. మొలకెత్తించిన బార్లీకి మూడో వంతు దాకా మొలకెత్తని గోధుమ కలుపుతారు. హాప్స్ పూలు తాజావి వెయ్యరు, ఏళ్లకేళ్లు నిల్వ పెట్టినవే వేస్తారు. ఉడికిన రసాన్ని లోతు లేని వెడల్పాటి తొట్టిలో పోసి రాత్రంతా గాలికి వదిలేస్తారు. ఈస్ట్ ఎవరూ వెయ్యరు. గాలిలో ఉన్నది, ఇంటి వాసాల్లో ఉన్నది, పీపా చెక్కలో ఉన్నది దానంతటదే చేరుతుంది. చలి నెలల్లోనే ఈ పని. ఎండాకాలం చెడగొట్టే క్రిములు ఎక్కువ. తర్వాత ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు పీపాల్లో. ముందు ఒక జాతి బ్యాక్టీరియా, తర్వాత మామూలు ఈస్ట్, ఆ తర్వాత పులుపు పుట్టించే బ్యాక్టీరియా, ఆఖర్న బ్రెటనోమైసిస్ అనే అడవి ఈస్ట్. పాత లాంబిక్, కొత్త లాంబిక్ కలిపి సీసాలో పోస్తే దాన్ని గూజ్ అంటారు. ఐదో గ్లాసు దానికి నకలు.

ఆ బ్రెటనోమైసిస్‌కు 1904లో పేరు పెట్టినవాడు డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసిన క్లాసెన్. ఇంగ్లండ్ బీరులో దొరికింది గనక 'బ్రిటిష్ శిలీంధ్రం' అనే అర్థంలో పెట్టాడు. వైన్ చేసేవాళ్లలో చాలామందికి ఇప్పటికీ అది పీపాను పాడుచేసే దరిద్రం. అది 4-ఇథైల్ ఫీనాల్ అనే పదార్థాన్ని పుట్టిస్తుంది. గుర్రం మీది దుప్పటి, పశువుల కొట్టం, తోలు అంటూ వీళ్లు పరవశించేది దానికే. బ్రస్సెల్స్‌లో 1900లో మొదలైన కాంటియోన్ బ్రూవరీలో సాలెగూళ్లు కూడా దులపరు. పండ్లకు ముసిరే ఈగల్ని సాలీళ్లు తింటాయి గనక. ఇక్కడ మన హైదరాబాదులో మాత్రం అడవి ఈస్ట్ ప్యాకెట్లో వచ్చిందట. అడవిని కూడా కొనుక్కున్నారు.

ఇగ మా సంగతి.

మా తాత లంద వాగు ఒడ్డున, తుమ్మచెట్టు కింద ఉండేది. ఊళ్లో గొడ్డు చస్తే కబురొచ్చేది. దాన్ని ఈడ్చుకొచ్చి, తోలు తీసి, సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క దంచిన నీళ్లలో వేసేవాడు. ఆఖర్న తోలును సంచిలాగ కుట్టి చెట్టుకు వేలాడదీసి లోపల తంగేడు నీళ్లు పోసేవాడు. చుక్క చుక్క కారేది. కింద తొట్టిలో పట్టి మళ్లీ పైన పోసేవాడు. ఎన్ని రోజులు, ఏ రంగు వస్తే చాలు, చేత్తో నొక్కితే ఎట్లుండాలె, అంతా ఆయన వేళ్లకే తెలుసు. ఏ కాగితమ్మీద లేదు.

జీవశాస్త్రం చదివినంక నాకు తెలిసింది ఒకటుంది. ఆ తంగేడు నీళ్లు కూడా పులుస్తాయి. గాలిలో ఉన్న క్రిములే అందులోనూ చేరి ఆమ్లాలు పుట్టిస్తాయి. ఆ పులుపులోనే తోలు చెక్క సారాన్ని పీల్చుకుంటుంది. బీరు పీపా ఓక్ చెక్కలో ఉన్నదీ టానిన్ జాతే, తంగేడు చెక్కలో ఉన్నదీ టానిన్ జాతే. ఐరోపాలో ఓక్ చెట్టు బెరడుతోనే తోళ్లు శుద్ధి చేసేవారు. అంటే ఆ ముక్కు పసిగట్టింది ఉత్త పోలిక కాదు, దగ్గరి చుట్టరికమే. మా తాతను ఎవరన్నా బ్రస్సెల్స్ తీసుకుపోయి ఉంటే ఆ పీపాల మధ్య కొత్తోడిలాగ నిలబడి ఉండేవాడు కాదు.

బడిలో నాకు దొరికిన పేరు మాత్రం వేరు. రెండో తరగతిలో సారు నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. గాలి కోసమని సంబరపడ్డాను. "లంద కంపు బయటికి పోవాలె గద" అని ఆయన అన్నప్పుడు క్లాసంతా నవ్వింది. అప్పట్నుంచి నేను మూడుసార్లు స్నానం చేసే పిల్లగాణ్ణయ్యాను.

2016 జూలైలో గుజరాత్‌లోని ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితుల్ని అర్ధనగ్నంగా బండికి కట్టి కొట్టారు. అదే ఏడాది చివర యునెస్కో బెల్జియం బీరు సంస్కృతిని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. బెల్జియం వాళ్ల మీద నాకు కోపం లేదు. తమ బూజు, తమ సాలెగూడు, తమ పులుపు చూసి సిగ్గుపడకుండా నిలబెట్టుకున్నారు, మెచ్చుకోవాల్సిందే. నా పేచీ ఇక్కడి ముక్కుతో. ఈ ముక్కుకు వాసన సీసాలోంచి వస్తే సువాసన, మనిషి ఒంటి నుంచి వస్తే కంపు. అంటే ముక్కు చూసేది వాసనను కాదు, అది ఎక్కడి నుంచి వస్తుందో చూస్తది.

కల్లుదీ అదే కథ. ఈత కల్లు, తాటి కల్లు లొట్టిలో పడ్డ గడియ నుంచే గాలిలోని ఈస్ట్‌తో పులుస్తుంది. పొద్దుగాల తియ్యన, మాపటికి పుల్లన. ప్యాకెట్ ఈస్ట్ అక్కర్లేని అసలు అడవి పులుపు. చెట్టెక్కే గౌడన్నల ప్రాణాలు మోకు మీదనే. దాన్ని ఎవడన్నా పలక మీద ఐదు గ్లాసుల్లో పోసి వర్ణించాడా? మా వాడోళ్లకైతే ఆ కల్లులోనూ అంటు ఉండేది. మా నాయిన దూరంగా గొంతుకూర్చుని దొప్ప పడితే పైనుంచి పోసేవారు.

తాగుడును పొగుడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. సారా మా వాడల్ని ఎట్లా మింగిందో నేను పుస్తకాల్లో చదవలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఆడోళ్లు లేచి 1993లో సారాను బంద్ చేయించారంటే ఊరికే లేవలేదు. మా అమ్మకు ఇప్పటికీ ఏ గ్లాసు చూసినా మంటే. నేను నాలుగు గుక్కల దగ్గరే ఆగాను. నేను మాట్లాడేది వాసన గురించి.

నాలుగో గ్లాసు పట్టుకొని నేను అడిగాను: "తోలు వాసన మీరెవరన్నా ఎక్కడ చూసిన్రు?" ఒకాయన నవ్వి, తన కొత్త కారు సీట్లని చెప్పాడు. ఇంకొకాయన ఇటలీలో కొన్న బూట్లన్నాడు. లంద చూసిన్రా అని అడిగాను. ఆ మాటే ఎవరికీ తెలియదు. చెప్పాను. చచ్చిన గొడ్డు, సున్నం, తంగేడు, చెట్టుకు వేలాడే సంచి, అంతా చెప్పాను. చెప్తుంటే ఒకావిడ గ్లాసు మెల్లగా పలక మీద పెట్టేసింది. నిమిషం కింద మురిసిపోయిన ఆవిడే. పక్కాయన మర్యాదగా, "మీదే ఊరండీ? పూర్తి పేరేంటి?" అన్నాడు. ఆ పూర్తి పేరు ప్రశ్న ఎందుకో విద్యార్థి తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను విప్పి చెప్పక్కర్లేదు. హాస్టల్ నుంచి యూనివర్సిటీ దాకా మీరూ జవాబు చెప్తూనే ఉన్నారు. నేను పేరుతో పాటు కులం కూడా చెప్పాను. ఐదో గ్లాసు నిశ్శబ్దంగా నడిచింది.

దోస్తు నా మోచేయి గిల్లాడు. "ఇక్కడెందుకన్నా ఇవన్నీ." వాణ్ణి తిట్టబుద్ధి కాలేదు. ఎందుకంటే నేనూ అదే పని చేసినవాణ్ణి.

ఎనిమిదో తరగతిలో ఉండగా తాత నా కోసం హాస్టల్‌కు వచ్చాడు. అప్పటికి లంద దాదాపు మూతపడ్డది. మిగిలిన చివరి తోలుతో నాకు చెప్పులు కుట్టి, గుడ్డలో చుట్టుకొని తెచ్చాడు. కొత్త తోలు, ఇంకా వాసన పోలేదు. "ఎవర్రా ఆయన?" అని పిల్లలు అడిగితే, "మా ఊరాయన" అన్నాను. తాతకు వినపడింది. ఏమీ అనలేదు. చెప్పులు నా పాదాల కాడ పెట్టి, బస్సుకు టైమైతుందని పోయాడు. ఆ చెప్పులు నేను ఒక్కరోజు కూడా తొడగలే. చెరువు కట్ట కింద సర్కారు తుమ్మల్లో పారేశాను. ఈ కొలువులో నేను పైసలు కట్టి గ్లాసులో పీల్చింది ఆ చెప్పుల వాసననే.

మన ఉద్యమాల్లో డప్పు తిరిగొచ్చింది. 1994లో దండోరా పుట్టినంక డప్పును భుజాన వేసుకోవడానికి మనం సిగ్గుపడలేదు. డప్పు మోగుతది, అందుకే ఎత్తుకున్నం. మరి లంద? దాన్ని మన కవిత్వంలోనూ వెలి పెట్టినమా? ఆ పని తిరిగి చెయ్యమని అనడం లేదు. ఆ పని మా నెత్తిన పెట్టిన కులం పోవాలె. కాని చెక్క సారం, సున్నం పాళ్లు, తోలు గుణం తెలిసిన ఆ తాతల్ని పనిమంతులని, శాస్త్రం తెలిసినోళ్లని రాసుకోవడానికి మనకేం అడ్డం? వాళ్లు పోతే అడిగేందుకు ఎవరూ ఉండరు. నేను అడగలేదు. ఎన్ని రోజులు నానాలో కూడా నాకు సరిగ్గా తెలియదు.

తిరుగు దారిలో దోస్తు చాలాసేపు మాట్లాడలేదు. వాడి కారులోనూ లెదర్ సీట్లే. అద్దం కింద సెంటు సీసా ఊగుతోంది. ఔటర్ రింగ్ రోడ్డు దాటినంక అడిగాడు: "తాత లంద యాడుండె అన్నా?"

"వాగు ఒడ్డున, తుమ్మచెట్టు కింద."

"ఇప్పుడేముంది ఆడ?"

ఇసుక ట్రాక్టర్లు పోయే తొవ్వ ఉందని చెప్పాను.